చలి కొండ మీద అరటి తోట

ఇసకలో తోటేంటి అనేవాళ్ళకి

గల్ఫ్‌లో పాతికేళ్ళు తోటల పని చేశానంటే మన వైపు రెండు రకాలుగా నవ్వుతారు. తెలియనివాళ్ళు "ఇసకలో తోటేంటండీ బాబూ" అని నవ్వుతారు. మా కడియం వాళ్ళయితే, "నర్సరీల ఊళ్ళో పుట్టి, విమానమెక్కి వెళ్ళి, అక్కడా మొక్కలకే నీళ్ళు పోశావా సత్తిబాబూ" అని ఇంకా గట్టిగా నవ్వుతారు. నవ్వనివ్వండి. మన గోదావరి గట్టున గింజ ఉమ్మేస్తే మొక్కవుతుంది. అక్కడ ఒక చెట్టు పచ్చగా నిలబడి ఉందంటే, ఎవరో ఒకరు దాని కోసం రోజూ బుర్ర బద్దలు కొట్టుకుంటున్నారని అర్థం. ఆ బుర్రల్లో నాదీ ఒకటి.

ఈ మధ్య మా వైపు కుర్రాళ్ళు, అగ్రికల్చర్ డిప్లొమా చేసిన ఆడపిల్లలు కూడా, అక్కడి ల్యాండ్‌స్కేప్ కంపెనీల్లో సూపర్‌వైజర్లుగా చేరడానికి వెళ్తూ నాకు ఫోన్ చేస్తున్నారు. ఏం నేర్చుకుని వెళ్ళమంటారు బాబాయ్ అని అడుగుతారు. వీసా సంగతి ఏజెంటుని అడగండి, ప్రమోషన్ల సంగతి ఎవర్నీ అడక్కండి. మొక్క ఎలా ఎంచుకోవాలో మాత్రం నేను చెప్పగలను. అది చెప్పాలంటే నాకు ఒక్క తోట చాలు.

ముందుగా ఒక సంగతి తెలుసుకోండి. అక్కడ మీ దగ్గరికి వచ్చే ప్రతి మనిషీ ఫోన్ తీసి ఒక ఫోటో చూపిస్తాడు. చేటంత ఆకులు, మధ్యలో చిన్న కొలను, ఎర్రటి పూలు, వంగిన కొబ్బరి చెట్టు. "ట్రాపికల్ కావాలి" అంటాడు. అందరి ఫోన్లలోనూ ఉండేది ఒకే ఫోటో అని నా అనుమానం. ఆ ఫోటోలో నేల ఎలాంటిదో, గాలి ఎటు నుంచి వీస్తుందో, రాత్రి ఎంత చలి వేస్తుందో కనపడవు. అవి చూడడమే మన ఉద్యోగం.

కల్బాలో ఒక షాపు ఆయన సముద్రానికి ఎదురుగా ఇల్లు కట్టుకుని, వాకిట్లో మామిడి పెట్టమన్నాడు. ఉప్పుగాలికి నిలవదు మొర్రో అంటే వినలేదు. ఆకులన్నీ అంచులు మాడిపోయాక, నేను దిష్టి పెట్టానన్నట్టు చూశాడు. ఇంకోసారి దుబాయ్‌లో ఒక ఆఫీసు హాల్లో పెట్టిన అరెకా పామ్‌లు వరసగా పండుబారిపోయాయి. నీళ్ళు చూశాను, ఎరువు చూశాను, పురుగు ఉందేమోనని చూశాను. తీరా చూస్తే వాటి నెత్తిన ఏసీ గాలి వస్తోంది. దుబాయ్‌లో మొక్కలు చలికి పోతాయంటే మా ఆవిడ ఫోన్లో పది నిమిషాలు నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత కొండ మీద తోట దొరికింది, అక్కడ నవ్వడానికి తీరిక లేకపోయింది.

బీబీ పెట్టిన షరతు

మా కంపెనీ నర్సరీ అల్ ఐన్‌లో ఉండేది, ఖర్జూర తోటల పక్కన, నీడ వలలు కట్టిన షెడ్లలో. మా ముదీర్, అంటే మేనేజరు, రియాజ్ సాబ్ హైదరాబాద్ మనిషి. మనసు మంచిది, నోరు మాత్రం మైకు. ఆయనకి తెలిసిన మొక్కలు మూడే రకాలు: పొడుగువి, పొట్టివి, చచ్చినవి. కానీ పని పట్టుకురావడంలో ఆయన్ని మించినవాణ్ణి నేను చూడలేదు. కరోనా ఆంక్షలు కాస్త సడలిన వేసవిలో, అందరూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే, ఈయన ఎక్కణ్ణించో ఒక కొండ మీద తోట పని పట్టుకొచ్చాడు.

కొండంటే రస్ అల్ ఖైమా వెనకాల ఉండే రాతి కొండలు. మెలికలు తిరిగే రోడ్డు మీద ఎక్కుతుంటే చెవులు గుయ్‌మంటాయి. బాగా పైన, మబ్బులు తగిలేచోట ఒక ఇల్లు. యజమాని అబూ సయీద్, నెమ్మదస్తుడు, తల్లి మాటంటే ప్రాణం. ఆ తల్లిని ఇంట్లో అందరూ బీబీ అంటారు, మనం నానమ్మ అన్నట్టు. ఎనభై దాటిన మనిషి. పుట్టి పెరిగింది ఆఫ్రికా పక్కన జాంజిబార్ దీవిలో, పెళ్ళయ్యాక ఈ దేశం వచ్చింది. కింద సముద్రం పక్క ఊళ్ళో ఉక్కపోతకి ఊపిరాడక అవస్థ పడుతుంటే, పైన పొడిగాలి మంచిదని డాక్టరు చెప్పాడు. కొడుకు వెంటనే కొండ మీద ఇల్లు కట్టించాడు. ఈవిడేమో రాళ్ళని చూస్తూ బతకలేనని మొండికేసింది. ఆఖరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. చిన్నప్పుడు పుట్టింటి పెరట్లో కూర్చున్నట్టు అరటిచెట్ల నీడలో కుర్చీ వేసుకుని కూర్చోవాలి. అది జరిగితే కొండ మీదే ఉంటుంది. జరక్కపోతే కిందికి, ఆ ఉక్కలోకే వెళ్ళిపోతుంది.

ఇదంతా నాకు చెప్పింది రత్నం. రాజోలు వైపు మనిషి, బీబీని కనిపెట్టుకుని ఉండే పనిలో ఆ ఇంట్లోనే ఉండేది. మొదటిరోజు నేను ఫోన్లో మా ఆవిడతో మాట్లాడుతుంటే వంటింటి తలుపులోంచి తల బయటపెట్టి, మీదే ఊరండీ అని అడిగింది. కడియం అన్నాను. అంతే, బాబాయ్‌ని అయిపోయాను. గల్ఫ్‌లో చుట్టరికాలు అంత తొందరగా కలిసిపోతాయి.

"ముసలావిడ మనసు వెన్న బాబాయ్. మొండితనంలో మాత్రం మా మేనత్త పనికిరాదు. ఆ తోటేదో గట్టిగా వెయ్యండి, లేపోతే మళ్ళీ కిందికెళ్ళి ఆ దగ్గు మొదలెడతాది" అని ముందే హెచ్చరించింది.

అక్టోబరు అలవాటు

గల్ఫ్‌లో తోటపని చేసేవాళ్ళందరికీ ఒకటి ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది. వేసవి పోనివ్వు, అక్టోబరు రానివ్వు, అప్పుడు నాటు. చలికాలమంతా వేళ్ళు పట్టుకుంటే వచ్చే వేసవి ఎండకి మొక్క నిలబడుతుంది. అల్ ఐన్‌లో ఇది నిజం, దుబాయ్‌లో నిజం, కల్బాలో నిజం. మాకు చావంటే ఎండే. చలిని మేం చుట్టంలా చూసేవాళ్ళం. అది వస్తే హాయిగా టీ తాగి, నీడ వలలు విప్పి మడతపెట్టేవాళ్ళం.

కాబట్టి అక్టోబరు రాగానే రియాజ్ సాబ్ యల్లా, పదండి అన్నాడు, మేం లారీ ఎక్కించాం. అరటి, బొప్పాయి, క్రోటన్లు, హెలికోనియా, అరెకా పామ్, పెద్దాకు చేమ, మెట్టతామర. అన్నీ ఆకు పెద్దవి, ఫోటోకి దగ్గరవి. లారీలో కాస్త చోటు మిగిలితే వెలితిగా ఉందని తాటిచెట్టు జాతివే నాలుగు వాషింగ్టోనియాలు, సైకాస్‌లు, లొక్వాట్ పండ్ల మొక్కలు కూడా పడేశాం. వాటిని కంచె పక్కన ఎక్కడో పాతాం, ఎవరూ పట్టించుకోలేదు. పెరిగిన అరటిమొక్కలే తెచ్చాం కాబట్టి నవంబరు చివరికి ఆకులు గాలికి ఊగుతున్నాయి. బీబీ కుర్చీ తెప్పించుకుని కూర్చుంది. ఆ రోజు నాకు బ్లాక్ టీ, ఖర్జూరాలు ఆవిడే స్వయంగా అందించింది. పాత గల్ఫ్ వాళ్ళకి హిందీ బాగా వచ్చు. జాంజిబార్‌లో వర్షం పడితే అరటాకు నెత్తిన పెట్టుకుని ఎలా పరిగెత్తేవాళ్ళో చెప్పింది. మేమూ అంతే బీబీ, అన్నాను. రత్నం కూడా వచ్చి కూర్చుంది. ముగ్గురం కాసేపు ఒక ఊరివాళ్ళలా ఉన్నాం.

ఒక్కరం కూడా, ఇంత ఎత్తున జనవరిలో ఏమవుతుందో అని ఆలోచించలేదు. నాటడానికి సరైన నెల ఏదని మమ్మల్ని నిద్రలో లేపి అడిగినా అక్టోబరే అనేవాళ్ళం. అలవాటు అంత గట్టిది. ఎత్తు మారితే క్యాలెండరు తిరగబడుతుంది. చలి చంపే చోట మొక్కని చలి దాటాక, మార్చిలో పెట్టాలి. అప్పుడు వేసవంతా వేళ్ళు పట్టుకుని మొదటి చలికి సిద్ధంగా ఉంటుంది. ఇంత చిన్న సంగతి, ఆ దేశంలో చంపే చలి అన్నదే లేదనుకునే మాకు తట్టలేదు.

ఉడకబెట్టిన తోటకూర

జనవరిలో ఒక పొద్దున్న నేను నర్సరీలో టీ తాగుతుంటే రత్నం ఫోన్.

"బాబాయ్, గడ్డి మీద తెల్లగా ఉప్పు చల్లినట్టుంది. మొక్కలన్నీ ఉడకబెట్టిన తోటకూరలాగ అయిపోయాయి. ముసలావిడ కిటికీ దగ్గర్నించి లేవట్లేదు, టీ కూడా ముట్టుకోలేదు. బేగా రండి."

నేనూ రియాజ్ సాబ్ వెళ్ళేసరికి ఎండ వచ్చి ఆ మంచు తెలుపంతా కరిగిపోయింది, కానీ రత్నం చెప్పింది అక్షరాలా నిజం. అరటాకులు నల్లబడి, తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. బొప్పాయిలు మెడలు వాల్చేశాయి. క్రోటన్ల ఆకులు ముట్టుకుంటే రాలుతున్నాయి. అబూ సయీద్ కేకలేసి ఉంటే బావుండేది. ఆయన మెల్లగా, మా అమ్మ కిందికి వెళ్ళిపోతానంటోంది అని మాత్రం అన్నాడు. పైకి వచ్చాక ఆవిడకి దగ్గు తగ్గిందట, రాత్రిళ్ళు నిద్ర పడుతోందట.

రియాజ్ సాబ్ నన్ను పక్కకి లాగాడు. మా వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. మొక్క చచ్చిపోతే వారం తిరక్కుండా అదే జాతి మొక్క తెచ్చి అదే గుంటలో పెట్టాలి. ఎందుకు చచ్చిందని అడిగే అలవాటు లేదు.

"సత్తన్నా, గివి సచ్చినయ్. నాకే గనవడ్తున్నది, నీకెందుకు గనవడ్త లేదు? పీకి పారేయ్, కొత్తయి వెడ్దాం. ఖలాస్."

కొత్తవి పెడితే అవీ వచ్చే వారం ఇలాగే అవుతాయని చెప్పాను. అయితే ఏం చేద్దామంటావ్ అన్నాడు. ఏమీ చెయ్యొద్దు, ఆగుదాం అన్నాను. ముదీర్ అనేవాడికి ఏమీ చెయ్యొద్దు అన్న మాట కంటే పెద్ద తిట్టు లేదు. ఆయన మొహం ఎర్రబడింది. పీకడం వద్దంటే, పెట్టడం వద్దంటే, చావని మొక్కలే పెడదాం అని అక్కడికక్కడే తేల్చేశాడు. చావని మొక్కలంటే ప్లాస్టిక్‌వి. కింద ప్లాస్టిక్ గడ్డి, పైన ప్లాస్టిక్ అరటి. అబూ సయీద్ కూడా, తల్లి కళ్ళ ముందు పచ్చగా ఏదో ఒకటి కనపడితే చాలన్న స్థితిలో ఉన్నాడు పాపం. సరే నమూనా తెచ్చి చూపించండి అన్నాడు.

నమూనా చెట్టు

రెండు రోజుల్లో నమూనా దిగింది. ఆరడుగుల అరటిచెట్టు, దానికి పసుపుపచ్చ గెల కూడా వేలాడుతోంది. గెల కిందికి కాకుండా పక్కకి చాచి ఉంది, ఎవడు తయారుచేశాడో గానీ వాడు జన్మలో అరటితోట చూసి ఉండడు. రియాజ్ సాబ్ దాన్ని బీబీ ముందు నిలబెట్టి, నీళ్ళక్కర్లేదు, చలికి భయం లేదు, ఎండకి వెలిసిపోదు అని హిందీలో ఉపన్యాసం ఇచ్చాడు. బీబీ ఆకు పట్టుకుని చూసింది. చింపబోయింది, చిరగలేదు. అప్పుడు రత్నం వైపు తిరిగి, దీని మీద దుమ్ము ఎవరు తుడుస్తారు అని అడిగింది.

రత్నం నా వైపు తిరిగి తెలుగులో, "ఆకాకూ తుడవాల్సింది నేనే కదా బాబాయ్. ఈ చెట్టు కింద కూర్చోబెట్టే బదులు ఆవిణ్ణి ఏ ఫర్నిచర్ షాపులోనో కూర్చోబెడితే సరిపోద్ది" అంది. నాకు నవ్వొచ్చింది, రియాజ్ సాబ్‌కి తెలుగు వచ్చు కాబట్టి ఆయనకి కోపమొచ్చింది.

ఆ నవ్వులోనే నాకు ధైర్యమొచ్చింది. గోదావరి జిల్లాల వాళ్ళం మేం ఎన్ని తుఫాన్లు చూళ్ళేదు. రాత్రికి రాత్రి అరటితోట మొత్తం పడుకుండిపోతుంది. రైతు ఏడుస్తాడు, తిట్టుకుంటాడు, తర్వాత కత్తి పట్టుకెళ్ళి పడినవన్నీ నరికేసి దుంపల్ని వదిలేస్తాడు. నెల తిరిగేసరికి పిలకలు. పైన కనపడే కాండం అసలు కాండమే కాదు, ఆకుల మట్టలు ఒకదానిలో ఒకటి చుట్టుకున్న బొంగు. అసలు చెట్టు మట్టిలో ఉంది. ఆ తెల్లారి పడిన చలి మట్టిలోకి ఎంత దిగిందన్నదే ప్రశ్న.

కత్తి తీసుకుని ఒక చెట్టు మొదట్లో మట్టి తవ్వాను. దుంప గట్టిగా ఉంది. చిన్న ముక్క కోశాను. తెల్లగా, జిగురు కారుతూ ఉంది. వంటింట్లోంచి పళ్ళెం తెమ్మని దాన్ని అందులో పెట్టి బీబీ చేతికిచ్చాను. ఆవిడ వేలితో ఆ జిగురు ముట్టుకుంది, వాసన చూసింది. తర్వాత కొడుకుతో అరబ్బీలో ఏదో అంది. ఆయన నాతో, రంజాన్ నెల మొదలయ్యేదాకా, అంటే ఏప్రిల్ దాకా, ఆగుదామంటోంది అన్నాడు. అప్పటికి ఒక్క ఆకు కూడా రాకపోతే సామాన్లు సర్దుకుని కిందికి వెళ్ళిపోతుందట. ప్లాస్టిక్ చెట్టుని మాత్రం ఇప్పుడే తీసుకెళ్ళమందట. రియాజ్ సాబ్ దాన్ని కారు వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్ళాడు, దారంతా గెల ఆయన భుజం మీదే ఉంది.

ఏవి ఉంటాయి, ఏవి పోతాయి

మీరు నేర్చుకోవాల్సింది ఇక్కడుంది, కాస్త ఓపిగ్గా చదవండి. ఆ వారం నేను తోటలో ఒక్కో మొక్క ముందూ కూర్చుని చూశాను. క్రోటన్లు, బొప్పాయి, అరెకా, హెలికోనియా పోయాయి. వీటి ప్రాణం పైనే ఉంటుంది, లేదా కింద ఉన్నా చలికి ఓర్చుకోలేదు. వాటి మీద జాలిపడి లాభం లేదు, నేనే పీకించాను. చేమ, మెట్టతామర పైన నల్లబడ్డాయి గానీ దుంపలు రాయిలా ఉన్నాయి. అరటీ ఆ గుంపే. ఇవి చలికాలంలో కనపడకుండా పోయి ఎండ తిరిగాక వచ్చే రకం. కొనేవాడికి ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే ఏటా జనవరిలో మీకు తిట్లు తప్పవు.

ఇక లారీలో చోటు మిగిలిందని పడేసినవి ఉన్నాయే, వాషింగ్టోనియా తాటిచెట్లు, సైకాస్‌లు, లొక్వాట్లు, వాటికి చీమ కుట్టినట్టయినా లేదు. కంచె పక్కన పచ్చగా నిలబడి మమ్మల్ని వెక్కిరిస్తున్నట్టున్నాయి. వాషింగ్టోనియా ఆకు విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది, లొక్వాట్ ఆకు జానెడు పొడుగు. కళ్ళు చికిలించి చూస్తే ఇదే కదా ఆ ఫోటో. చలి చోట పచ్చటి తోట కావాలంటే ఎముకలన్నీ ఇలాంటి మొండివాటితో కట్టాలి. ఆ తాటిచెట్లు, సైకాస్, లొక్వాట్, అంజూరం. వాటి మధ్యలో, గోడ వారగా, ఉత్తరపు గాలి తగలని చోట అరటి, చేమ పెట్టుకోవాలి. రాతిగోడ పగలు ఎండని మింగి రాత్రంతా వెచ్చగా ఉంటుంది, దాని పక్కన ఉన్న మొక్క అదృష్టవంతురాలు. మేం పెట్టిన అరటిలో గోడ పక్క వరసే తక్కువ దెబ్బతింది. బయటి దేశాల్లో చలికి ఓర్చే అరటి రకం ఒకటుంది, పండు తినడానికి పనికిరాదు, ఆకు మాత్రం బ్రహ్మాండం. దొరికితే అదీ తెప్పించండి.

నర్సరీలో మొక్క కొనేటప్పుడు నీడ వల కింద ముద్దుగా పెరిగినదాన్ని కొనకండి. బయట ఎండలో, గాలిలో కాస్త మొరటుగా పెరిగినది తీసుకోండి. కుండీలోంచి మొక్క తీసి వేరు చూడనివ్వని నర్సరీవాడి దగ్గర అసలు కొనకండి, వాడు మా బంధువైనా సరే.

బకెట్ నీళ్ళు

నల్లబడిన బొంగుల్ని మోకాలెత్తున కోయించి, మొదళ్ళ చుట్టూ ఎండు ఖర్జూర మట్టలు దట్టంగా కప్పించాను. డ్రిప్ పైపులు కట్టేయించాను. చలిలో నిద్రపోయే దుంపకి నీళ్ళు విషం. రోజూ పొద్దున్నే ఫోటో పంపమని రత్నానికి చెప్పి అల్ ఐన్ వచ్చేశాను.

ఫిబ్రవరి అంతా ఫోటోల్లో మట్టే. మార్చి మొదలైనా మట్టే. పగలు ఎండ బాగానే కాస్తోంది, కింద ఊళ్ళలో ఏసీలు మొదలయ్యాయి. నాకు నిద్ర పట్టడం మానేసింది. రియాజ్ సాబ్ నన్ను చూసినప్పుడల్లా, ఆకొచ్చిందా అన్న అని అడిగి, జవాబు వినకుండానే వెళ్ళిపోయేవాడు. నేను ఓడిపోతే కంపెనీ నష్టం సంగతి ఎలా ఉన్నా, నా మాట మీద ఆగిన ముసలావిడ మళ్ళీ ఆ ఉక్కలోకి వెళ్ళాలి. అది నాకు మింగుడుపడలేదు.

ఉండబట్టలేక ఒకరోజు చెప్పకుండా కొండెక్కాను. తోటలోకి వెళ్ళి ఒక మొదలు దగ్గర మట్ట ఎత్తితే బురద. పక్కదాని దగ్గరా బురద. వేలు పెడితే దుంపలోకి మెత్తగా దిగిపోయింది, కుళ్ళు వాసన. పైపు కట్టేసే ఉంది. రత్నాన్ని నిలేశాను. ఆవిడ నేల చూపులు చూస్తూ చెప్పింది. బీబీ రోజూ పొద్దున్నే నీళ్ళు గోరువెచ్చగా కాయించి, బకెట్లు మోయించి దగ్గరుండి పోయిస్తోందట. చలికి వణుకుతున్నాయి పాపం, దాహంగా ఉంటాయి అని.

గల్ఫ్‌లో బతికిన ఎవరికైనా వాడిపోయిన మొక్కంటే దాహమేసిన మొక్కే, ఇంకో జబ్బు ఉండదు. ఆవిడ చేసింది ప్రేమతోనే. కానీ నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. పెద్దావిడ, యజమాని తల్లి, అవన్నీ మర్చిపోయి, నా మొక్కల్ని మీరే చంపుతున్నారు బీబీ అని హిందీలో గట్టిగా అనేశాను.

బీబీ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "తుమ్ ముఝే డాంట్ రహే హో?" అంది. నువ్వు నన్ను తిడుతున్నావా అని.

అవునన్నాను. ఇక వెనక్కి ఎలా వెళ్తాం.

ఆవిడ తల మీద కప్పుకున్న నల్లగుడ్డ పమిటలా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. తన మొగుడు పోయాక తనని తిట్టినవాళ్ళు లేరట. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. తర్వాత రత్నంతో బకెట్లు లోపల పెట్టించి, నన్ను కూర్చోమని, ఏవి బతికున్నాయో చూపించమంది. ఇద్దరం ఒక్కో మొదలూ చూశాం. సగానికి పైగా కుళ్ళిపోయాయి, తవ్వి తీసేశాం. గోడ వారగా ఉన్నవాటి దగ్గరికి బకెట్లు మోయలేక వదిలేశారట, అవి గట్టిగా ఉన్నాయి.

రంజాన్‌కి ఇంకో వారం ఉందనగా రత్నం ఫోటో పంపింది. మట్టి పగిలి, చూపుడువేలంత ముదురాకుపచ్చ మొన ఒకటి. నేను నర్సరీలో అందరి ముందూ ఫోన్ పైకెత్తి కేకేశాను, రియాజ్ సాబ్ పరిగెత్తుకొచ్చి చూసి, "గింతేనా?" అన్నాడు. తర్వాత ఆ ఫోటో తన ఫోన్‌కి పంపించుకుని, మధ్యాహ్నానికి ఇద్దరు కొత్త కస్టమర్లకి చూపించేశాడు.

పోయిన మొక్కల చోట కొత్తవి ఆ నెలలోనే పెట్టాం. ఏప్రిల్లో ఎవడన్నా మొక్కలు పెడతాడా అని నర్సరీ అంతా నవ్వింది. ఆగస్టు వచ్చేసరికి కొండ మీద అరటి నా నెత్తి దాటింది. బీబీ ఆ నీడలో కుర్చీ వేసుకుని, రత్నం చేత అరటాకు కోయించి, చేప మసాలా పట్టించి, ఆ ఆకులో చుట్టి నిప్పుల మీద కాల్పించింది. రియాజ్ సాబ్ రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఏప్రిల్ దాకా

ఆ ఏడాది చివర్లో నాకు అరవై నిండాయి. కంపెనీ వాళ్ళు ఒక వాచీ ఇచ్చి పంపించారు. నా చోట్లోకి నవీన్ అని కరీంనగర్ అబ్బాయి వచ్చాడు, బుద్ధిమంతుడు, చదువుకున్నవాడు. నేను కడియం వచ్చి, పక్కింటి నర్సరీ వాళ్ళకి అడక్కుండానే సలహాలిస్తూ, వాళ్ళచేత తిట్టించుకుంటూ సుఖంగా ఉన్నాను.

జనవరిలో నవీన్ ఫోన్ చేశాడు. గొంతు కంగారుగా ఉంది. కొండ మీద మళ్ళీ మంచు పడిందట, అరటాకులన్నీ నల్లబడ్డాయట. ఆఫీసు పద్ధతి ప్రకారం పీకించి కొత్తవి పెట్టిద్దామని మనుషుల్ని తీసుకుని వెళ్తే, బీబీ ఆ చలిలో రెండు దుప్పట్లు కప్పుకుని, కుర్చీ తెచ్చుకుని తోట మధ్యలో కూర్చుందట. ఒక్కణ్ణి కూడా దగ్గరికి రానివ్వట్లేదట. లోపలికి రమ్మని రత్నం ఒక పక్క గోల పెడుతోంది, అది నాకు ఫోన్లో వినపడుతూనే ఉంది.

ఆవిడ ఏమంటోంది అని అడిగాను.

"దుంపలు మంచిగనే ఉన్నయట సార్, చూస్కున్నదట. 'నేనూ ఈడనే ఉంట, ఇవీ ఈడనే ఉంటయ్, నువ్వు ఏప్రిల్ల రా' అంటున్నది. ఏం జెయ్యమంటరు?"

కొండ మీద ఉండడానికే షరతు పెట్టిన మనిషి. "ఇంకేం చేస్తావురా నాయనా, ఏప్రిల్లో వెళ్ళు" అన్నాను.